తోడు చేప

ఆయన ఎవరి దగ్గరికీ ఎదురుగా వచ్చేవాడు కాదు. గోడవారగా, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, చూపు ఇంకెటో ఉంచి, కొంచెం నడిచి ఆగి, మళ్లీ నడిచి, పక్కనుంచి వచ్చేవాడు. వచ్చాడని మనకు తెలిసేసరికి మన భుజం దగ్గరే ఉండేవాడు. మొదట్లో అది మర్యాద అనుకున్నాను. వాళ్లింట్లో చేపల తొట్టి దగ్గరికి కూడా అట్లాగే వెళ్లడం చూశాక, అది బెదిరే ప్రాణిని పట్టేవాడి నడక అని తెలిసింది.

ఆయన పోయిన సంగతి ఆయన భార్యే వచ్చి చెప్పింది. నేను పనిచేసే రొయ్యల షెడ్డు గేటు ముందు ఆటో ఆపించి, దిగకుండానే నన్ను పిలిపించింది. ఆయమ్మను చూసి పదేళ్లు దాటింది. జుట్టు సగం నెరిసింది.

“ఆయన పోయినాడమ్మా. నిద్రలోనే పోయినాడు,” అంది.

నేను చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. రాలేదని ఆయమ్మ గమనించింది కూడా.

“పాప ఆ పొద్దు నించి నోరు తెరవలా. నాతో కూడా. పెడితే తింటాది, పిలిస్తే చూస్తాది, అంతే. తడ దగ్గర కంపెనీలో పది మందికి పని చెప్పే పిల్ల, చిన్నప్పటి మాదిరి అయిపోయింది. రేపు పెద్దకర్మ. చుట్టాలందరూ వస్తారు. నువ్వొకసారి రా.”

“నేనొచ్చి ఏం చేసేదమ్మా?”

“అప్పుడేం చేసినావో అదే చెయ్యి.”

అప్పుడు నేనేం చేశానో ఆయమ్మకు తెలియదు. తెలిసింది ఆయనకూ నాకూ. ఇప్పుడు నా ఒక్కదానికే.

అప్పట్లో ఆయన రొయ్యపిల్లల హేచరీలో మేనేజరు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఇల్లు. నాది అల్లూరు. పెళ్లయి ఇటు వచ్చాను, మొగుడు పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. హేచరీ యజమానులదే మా షెడ్డు కూడా. ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వొలిచే పని. చేతులు మొద్దుబారిపోతాయి గనక నోటితోనే వేడి పుట్టించుకోవాలి. అందుకని మేం గట్టిగా మాట్లాడుకుంటాం, గట్టిగా పోట్లాడుకుంటాం. అందరిలోకీ నాది పెద్ద గొంతు.

కొన్నాళ్లపాటు ఆయన రోజూ షెడ్డుకు వచ్చి తలుపు పక్కన నిలబడేవాడు. లెక్కలు చూసేవాడు కాదు, రొయ్యలు చూసేవాడు కాదు, మమ్మల్నే చూసేవాడు. ఒకరోజు నా భుజం దగ్గర మాట వినపడింది.

“అంత గట్టిగా నవ్వేది నువ్వేనా?”

పని పోయిందనుకున్నాను. “నేనే సార్.”

“నలుగురూ చూస్తారని భయం లేదా నీకు?”

“చూస్తే చూస్తారు సార్. నేనేమన్నా రొయ్యనా, తల తీసేసేదానికి?”

పక్కవాళ్లు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. “చదువొచ్చా?” అని అడిగాడు.

“రాదు సార్.”

“కొంచెం కూడా?”

“వేలిముద్రే సార్.”

ఆయన ముఖం విచ్చుకుంది. నాకు చదువు రాదంటే సంతోషించిన మనిషి నా జీవితంలో ఆయనొక్కడే.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పనికి కుదిరాను.

ఆ ఇంట్లో చప్పుడు లేదు. అంత పెద్ద ఇంట్లో కుక్కరు అటక మీద ఉండేది. ఆయమ్మ అన్నం గంజి వార్చి వండేది. “విజిలేస్తే చేప ఎగిరి బయటపడుద్దంట. మా ఇంట్లో కుక్కరుకి కూడా నోరు లేదమ్మా,” అని చెప్పి, చెప్పాక హాలు వైపు ఒకసారి చూసుకునేది. సాయంత్రం లైట్లు ఒక్కసారిగా వేయకూడదు. ముందు వరండాలోది, కాసేపటికి హాల్లోది, ఆ తర్వాతే తొట్టి మీదది. మేత వేసేటప్పుడు ఆయన ఎప్పుడూ ఒకే వెలిసిపోయిన నీలం చొక్కా వేసుకునేవాడు. కొత్త రంగు చూస్తే బెదురుతాయట. ఆ చొక్కా భుజం చిరిగిపోతే ఆయమ్మ దారం రంగు కలవలేదని కుట్టు విప్పి మళ్లీ కుట్టింది.

ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన తొట్టి పక్కన కుర్చీలో కూర్చుని, ఉంగరం వేలితో అద్దం మీద టకటకా కొట్టి, “ఏంది బావా, ఖాళీ తొట్టికి ఇంత వైభోగం?” అన్నాడు. ఈయన కాఫీ ఇప్పించాడు, గేటు దాకా వెళ్లి సాగనంపాడు. తర్వాత ఆ కుర్చీ తీసి వరండాలో వేయించాడు. ఆ చుట్టం మళ్లీ వచ్చినప్పుడు వరండాలోనే కూర్చుని వెళ్లాడు. తనను బయట కూర్చోబెట్టారని అతనికి తట్టనే లేదు. ఎవరినైనా సరే, నొప్పి తెలియకుండా, తనకు కావలసిన చోట ఉంచడం ఆ మనిషికి చేతనవును.

తొట్టి ఖాళీగా ఉన్నట్టు కనిపించేది, అది నిజమే. హాలు గోడకు సగం పొడుగున ఉంటుంది. లోపల రాళ్లు, ఇసుక, హేచరీ నుంచి క్యానుల్లో తెచ్చిన వడకట్టిన సముద్రపు నీళ్లు. పైన దోమతెర గుడ్డను చెక్క చట్రానికి బిగించి మూత పెట్టాడు. రాళ్ల కింద ఒక బొరియ. ఆ బొరియలో ఆయన చేప. మద్రాసు నుంచి తెప్పించాడు. దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పేవాడు గానీ నాకు నోరు తిరగలేదు. వేలెడంత చేప. ముందు సగం తెలుపు, తోక వైపు నిప్పు రంగు, వీపు మీద నిలువుగా పుల్లలాంటి రెక్క. నేను అగ్గిపుల్ల అన్నాను. ఆ పేరే నిలిచింది. అది నాకు కనపడడానికి చాలా రోజులు పట్టింది. కనపడ్డ రోజున “అబ్బ!” అన్నాను. అంతే, లేదు. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. అందులో కోపం లేదు. కొలుస్తున్నట్టు చూశాడు.

ఎండాకాలంలో తొట్టి నీళ్లు తగ్గితే నేను సముద్రపు నీళ్ల క్యాను ఎత్తబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. “మంచినీళ్లు పొయ్యి. ఆవిరైపొయ్యేది నీళ్లే. ఉప్పు యాడికీ పోదు,” అన్నాడు. చిన్న దుర్బీను లాంటి గొట్టంలో ఒక్క చుక్క వేసి, కిటికీ వెలుతురులో కంటికి ఆనించుకుని ఉప్పు ఎంతుందో చూసేవాడు. అట్లా చూసేటప్పుడు ఆయన పెదాలు ముడుచుకునేవి, ముద్దు పెట్టేవాడిలాగా. ఎన్నడూ పెళ్లాం వైపు ఆ ముఖం తిప్పగా నేను చూడలేదు.

పాప కూడా అట్లాంటిదే. అప్పటికి ఆరేడేళ్ల పిల్ల. అమ్మతో, నాన్నతో గుసగుసగా మాట్లాడేది. మూడో మనిషి గడప తొక్కితే నోరు మూసుకుని తలుపు పరదా వెనక్కి పోయేది. బడిలో వేస్తే ఒక్క మాట పలకలేదు. మూగపిల్లకు మేం చదువు చెప్పలేమని పంపించేశారు. నెల్లూరు డాక్టరు మూగతనం కాదు, భయం అన్నాడు. “భయమైతే నాకొదిలెయ్యండి,” అని ఆయన పాపను ఇంటికి తీసుకొచ్చేశాడట.

నాకు చెప్పిన పని ఇది. “పాపని చూడొద్దు. పిలవొద్దు. మాట్లాడించొద్దు. హాల్లో కూర్చో. షెడ్డులో ఎట్టా ఉంటావో అట్టనే ఉండు.”

“గట్టిగా మాట్లాడితే మీ అగ్గిపుల్ల బెదరదా సార్?”

“గొంతుకు అలవాటు పడుద్ది. అద్దం మీద కొట్టకు, చాలు.”

“ఊరికే కూర్చునేదా సార్ రోజంతా?”

“ఊరికెందుకు? అక్షరాలు నేర్పిస్తా. నేర్చుకో.”

నలభై దాటిన దానికి పలక కొనిచ్చాడు. ఇంటికి పోయేటప్పుడు వాన తుంపర పడుతోంది. ఆయన రాసిచ్చిన అ, ఆ చెరిగిపోకుండా పలకను కొంగు కింద పెట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాను. ఈ మనిషి మీద నాకెంత కడుపుమంట ఉన్నా, ఆ దారి, ఆ తుంపర, ఆ పలక ఆయన ఇచ్చినవే.

మొదట్లో నా తప్పులు నిజమైన తప్పులే. వ, ప, మ, య నాకు ఒక్క తల్లి పిల్లల్లాగా ఉండేవి. ఏది ఎవరో తెలిసేది కాదు. ఆయన నా పక్కన, పరదాకు వీపు పెట్టి కూర్చుని, వేలు పెట్టి చూపించేవాడు. నేను గొంతెత్తి చదివేదాన్ని. ఒకరోజు బొమ్మల పుస్తకంలో నీళ్ల మీద బొమ్మ, దాని కింద మూడక్షరాలు.

“వ... డ... ప,” అన్నాను. “వడప. వడపంటే ఏంది సార్? తినేదా?”

“పడవ.”

ఆ మాట ఆయన అన్నది కాదు. మా వెనక నుంచి వచ్చింది. సన్నగా, విసుగ్గా, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. నేను తల తిప్పబోయాను. ఆయన వీపు వెనక ఉన్న చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి నా వైపు, కదలొద్దని. చేప తల బయట పెట్టినప్పుడు మా అందరికీ చూపించే చెయ్యి అదే. 

“ఏందో అంటావుండాదే గాలి,” అన్నాను, పుస్తకంలోకే చూస్తూ. “వడపే గదా ఇది?”

“వడప కాదు! పడవ!”

ఆయన మెల్లగా లేచి, గోడవారగా నడిచి, స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పాడు. చాలాసేపు నీళ్లు పోతూనే ఉన్నాయి. బయటికి వచ్చినప్పుడు ముఖం తడిగా ఉంది. నన్ను చూసి, “రేపు పెందలాడే రా,” అన్నాడు.

పాప పరదా ముందుకు వచ్చింది. తర్వాత గోడ దగ్గరికి, తర్వాత నా చాప అంచుకు. నేను తప్పు చదివినప్పుడల్లా చూపుడువేలు అక్షరం మీద పొడిచి దిద్దేది. “అక్కా, నీ తలకాయలో ఏముందక్కా? రొయ్య తలలో ఉండేదా?” అనేది. “రొయ్య తలలో ఏముంటాదో తెలుసా నీకు?” అంటే, “పెంట!” అని కిందపడి నవ్వేది. ఆ నవ్వు వంటింట్లో ఆయమ్మ విని గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయేది.

ఈలోగా నాకు అక్షరాలు వచ్చేస్తున్నాయి. రాకూడదని ఎవరూ చెప్పలేదు మరి. వచ్చే పోయే దారిలో ప్రహరీల మీద రాతలు, సబ్బు పొట్లాలు, అలమర అరలో పరిచిన పాత పేపర్లు, అన్నీ కూడబలుక్కుని చదివేదాన్ని. వాన మీద ఒక చిన్న పాఠం ఇంట్లో పదేపదే చదువుకుని, ఒకరోజు పొద్దున పాప పక్కన కూర్చుని మొత్తం ఒక్క తప్పు లేకుండా చదివాను. చదువుతున్నంతసేపూ పాప వేలు పొడవడానికి సిద్ధంగా గాలిలో ఉంది. పాఠం అయిపోయింది. వేలు అట్లాగే ఉండిపోయింది. పాప చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, మాట్లాడకుండా పరదా వెనక్కి పోయింది.

తల ఎత్తితే వరండా తలుపు పక్కన ఆయన.

చప్పట్లు కొడతాడేమో అని ఒక్క క్షణం ఎదురుచూశాను. అది తలుచుకుంటే నాకిప్పుడు కూడా ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం నన్ను తొట్టి దగ్గరికి పిలిచాడు. అందులో కొత్తగా మూడు పచ్చని చేపలు తిరుగుతున్నాయి. వెలుతురు పడితే నీలంగా మెరిసేవి. ముందుకీ వెనక్కీ, అద్దం దాకా వచ్చి, ఎవరున్నా లెక్క లేకుండా.

“ఇవి ఎందుకు తెచ్చినానో తెలుసా?”

“కంటికి బాగుంటాయని గదా సార్.”

“కంటికి బాగుండేది బొరియలో ఉండాది. ఇవి తోడు చేపలు. ఇవి బెదురు లేకుండా బయట తిరగతా ఉంటే, బయటేమీ భయం లేదని లోపలున్నదానికి నమ్మకం వస్తాది. అప్పుడు అది తల బయట పెడతాది.”

“తెలివైనవే సార్ అయితే.”

“తెలివేంది? వాటిపాటికి అవి తిరగతాయి. ఎందుకు తెచ్చినామో వాటికేం తెలుసు?”

సిరంజితో మేత పీల్చి, గుడ్డ మూత కొంచెం ఎత్తి, బొరియ ముందు వదిలాడు. రొయ్యపిల్లలకు వేసే సన్నని పురుగులవి, కంటికి కనపడీ కనపడవు. అగ్గిపుల్ల తల బయట పెట్టింది. ఆయన దాన్నే చూస్తూ అన్నాడు:

“రేపటి నించి తప్పు చదువు.”

“అర్థం కాలా సార్.”

“ఇయ్యాల సరిగ్గా చదివినావు. పాప లోపలికి పోయింది, చూసినావు గదా? నువ్వు తప్పు చదివితే అది దిద్దుతాది. దిద్దాలంటే నోరు తెరవాల. నువ్వు నేర్చేసుకుంటే దానికి మాట్లాడే పనేముంది?”

“వచ్చింది రానట్టు ఎట్టా చదివేది సార్?”

“ఇది నేర్చుకున్నదానివి, అది నేర్చుకోలేవా?”

“ఎన్నాళ్లు సార్?”

“తొందర పడొద్దు,” అన్నాడు. చేపకూ, పాపకూ, నాకూ ఆయన దగ్గర ఒకటే మాట.

ఒప్పుకున్నాను. ఆయన కోసం కాదు. ఆ వేలు గాలిలో ఆగిపోయింది చూడండి, దానికోసం.

తప్పు చదవడం తేలికని మీరనుకోవచ్చు. ముందు సరిగ్గా చదవాలి, మనసులో. తర్వాత ఏ అక్షరం తప్పితే నమ్మేట్టుంటుందో వెతకాలి. మరీ పెద్ద తప్పు అయితే పాపకు అనుమానం. నిన్న దిద్దినదే ఇవాళ తప్పితే దానికి కోపం. “చెప్పినా గదక్కా! థ కి కడుపులో చుక్క!” అని పలక లాక్కునేది. నేను తల గోక్కునేదాన్ని. ఇంటికి పోయి తలుపేసుకుని, పాత పేపరు ముందు పెట్టుకుని, ఒక్క తప్పు లేకుండా చదివి అప్పుడు అన్నం తినేదాన్ని. లేకపోతే ఆ తప్పులు నోటిలోనే ఉండిపోతాయేమో అని భయం వేసేది.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన నన్ను చూపించేవాడు. “మా పాపే ఈమెకి టీచరమ్మ. మొద్దు మనిషి గానీ పట్టు వదలదు.” వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. పాప గర్వంగా పలక పట్టుకుని నిలబడేది. ఆయన నా వైపు చూసేవాడు కాదు. ఎప్పుడైనా ఒక్కసారి, అందరూ వెళ్లాక, “నొచ్చుకున్నావా?” అని అడుగుతాడని ఎదురుచూశాను. తనకు అక్కర్లేని జవాబుకు ఆయన ఎప్పుడూ ప్రశ్న వేయలేదు.

ఒకసారి నాకు బ్యాంకులో ఖాతా తెరిపిస్తానని కారులో తీసుకెళ్లాడు. పాపా వచ్చింది, నా చిటికెనవేలు పట్టుకుని. కౌంటరు దగ్గర అబ్బాయి కాగితం ముందుకు తోసి, “సంతకమా, వేలిముద్రా?” అన్నాడు. సంతకం అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంట్లో పలక మీద నా పేరు రాసి, తుడిచి, రాసి, తుడిచి పెట్టుకున్నదాన్ని. అంతలో కింద నుంచి గట్టిగా ఒక గొంతు:

“అక్కకి రాయడం రాదు. వేలిముద్ర!”

కొత్త మనిషితో, కొత్త చోట, అందరి మధ్యా పాప మాట్లాడిన మొదటి మాట అది. కౌంటరు అబ్బాయి నవ్వి, “అట్టాగా మేడం?” అన్నాడు. “ఊ. నేనే నేర్పిస్తా ఉండా. ఇంకా రాలా,” అంది పాప.

నేను ఆయన వైపు చూశాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి, పాప మీద. నా వైపు తిప్పకుండానే, పక్కనుంచి, ఇంకు డబ్బాను మెల్లగా నా చేతి దగ్గరికి జరిపాడు. మేత వదిలినంత మెత్తగా జరిపాడు. నేను బొటనవేలు అద్దాను.

తిరిగి వస్తూ స్వీట్లు కొన్నాడు. నాకూ ఒక పొట్లం ఇచ్చాడు. వేలి నీలం ఆ పొట్లానికి అంటుకుంది.

తర్వాత అంతా తొందరగానే జరిగింది. పాప బడికి పోయింది. మాట్లాడింది. స్నేహితులను ఇంటికి తెచ్చుకుంది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన తొట్టి మూత తీసి, చిన్న వలతో పచ్చ చేపలను పడుతున్నాడు.

“ఎందుకు సార్, పాపం?”

“ఇంక వీటితో పని లేదు. అది అలవాటు పడిపోయింది. ఇంకా ఉంచితే దాని తిండి కూడా ఇవే తినేస్తాయి.”

మూడింటినీ బకెట్టులో వేసి హేచరీకి పంపించాడు. నేను పలక ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నాకు అప్పుడే తెలిసిపోయింది. కొద్దిరోజులకు, పాప వాళ్ల మేనత్త ఇంటికి వెళ్లినప్పుడు, ఆయన నా భుజం దగ్గరికి వచ్చాడు.

“బాగా చేసినావమ్మా. ఇంక షెడ్డుకే పో. మేస్త్రీతో చెప్పినా.”

“పాప వచ్చినాక చెప్పి పోతా సార్.”

“వద్దు. చెప్తే బెదురుద్ది.”

“పోనీ, నాకు చదువొచ్చని ఇప్పుడన్నా చెప్పొచ్చా సార్? తనే నేర్పిందనుకుంటాది. సంతోషపడతాది.”

ఆయన మొదటిసారి కొంచెం తడబడ్డాడు. “ఎప్పుడొచ్చిందని అడుగుద్ది. ఎప్పుడో వచ్చిందని తెలిస్తే, అన్నాళ్లూ ఆడించినామని తెలుస్తాది. మళ్లీ నోరు మూసుకుంటే? ఎప్పటికీ చెప్పనని మాటియ్యి.”

మాటిచ్చాను. పాప అడిగితే ఏం చెప్పాడో నాకు తెలియదు. బహుశా మొద్దు మనిషి విసిగిపోయి మానేసింది అని చెప్పి ఉంటాడు. పాప నమ్మి ఉంటుంది. నేను షెడ్డుకు పోయాను. ఐసు, రొయ్యలు, నవ్వులు అన్నీ అక్కడే ఉన్నాయి. నా నవ్వే కొంచెం తగ్గింది. బ్యాంకులో మాత్రం ఈ రోజుకీ నాది వేలిముద్రే. మార్చుకోమని కౌంటరు వాళ్లు చెప్పినా నేను మార్చలేదు. నీళ్లు పోయాయి, ఉప్పు ఉంది.

పెద్దకర్మ రోజు ఆటోలో పోతూ ఒక మాట గట్టిగా అనుకున్నాను. మాట తీసుకున్న మనిషి లేడు. చుట్టాలందరి ముందూ, పాప ముందూ, ఏదో ఒకటి చేతికి తీసుకుని ఒక్క తప్పు లేకుండా చదువుతాను. ఆ ఇంట్లో నేను మొద్దుగా ఉన్నది చాలు.

ఇల్లు కిక్కిరిసి ఉంది. పెరట్లో వంటవాళ్లు. వంటింట్లో ఎవరో చుట్టాలావిడ అటక మీది కుక్కరు దించి పప్పు పెట్టినట్టుంది, విజిల్ మీద విజిల్ వేస్తోంది. ఎవరూ ఉలిక్కిపడలేదు. తొట్టి అక్కడే ఉంది. బుడగలు వస్తున్నాయి. చేప కనపడలేదు.

“ఉందామ్మా లోపల?” అని అడిగాను.

“ఏమో. అగ్గిపుల్ల పోయినాక ఇంకోటి తెచ్చినాడు. అది ఆయనకు తప్ప ఎవరికీ కనపడేది కాదు. ఉందో, పోయిందో,” అంది ఆయమ్మ.

పాప గది తలుపు ఓరగా ఉంది. పాత పరదానే. దాని కింద నుంచి కాలివేళ్లు కనపడ్డాయి. ఇరవై దాటిన ఆడపిల్ల కాలివేళ్లు, నేలను గట్టిగా పట్టుకుని, ఆరేళ్లప్పుడు ఉన్నట్టే ఉన్నాయి.

నేను హాల్లో నా పాత చోట, పరదాకు వీపు పెట్టి కూర్చున్నాను. పక్కన పెద్దకర్మ కార్డులు మిగిలినవి ఉంటే ఒకటి తీసుకున్నాను. పైనుంచి కింది దాకా మనసులో ఒకసారి చదివాను. నాకది నీళ్లు తాగినంత తేలిక. ఆయన పేరు మధ్యలో పెద్ద అక్షరాలతో ఉంది.

గొంతెత్తాను. షెడ్డులో ఎత్తినంత ఎత్తాను. మొదటి పంక్తి తడుముకున్నాను. పేరు దగ్గరికి వచ్చి, అందులో ఉన్న ఒత్తు మింగేసి, దీర్ఘం లేని చోట సాగదీసి చదివాను. మళ్లీ ఇంకోలా తప్పుగా చదివాను. అట్లా చదివితే ఆ పేరు మనిషి పేరులా లేదు, తిట్టులా ఉంది. అది నేను కావాలని చేశానా అంటే, చేశాను.

“ఎవురామె? చచ్చిపోయినాయన పేరుతో ఎగతాళేంది?” అని ఒక పెద్దాయన కసిరాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను మూడోసారి చదివాను, ఇంకా అధ్వానంగా.

“అట్టా కాదక్కా.”

బొంగురుపోయిన గొంతు. ఎన్నో రోజులు వాడని గొంతు. నేను తల తిప్పలేదు. చెయ్యి వీపు వెనక్కి పోయింది నాకు తెలియకుండానే, అరచెయ్యి బయటికి, ఎవరూ కదలొద్దని. పాప వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. కార్డు మీద వేలు పెట్టి, వాళ్ల నాన్న పేరు ఒక్కొక్క అక్షరమే పలికింది. నాచేత పలికించింది. రెండోసారికి సరిగ్గా పలికాను.

“ఇంకా నీకు రాలేదా అక్కా?” అంది.

“రాలేదు పాపా.”

“నీకు నేర్పాలని నాన్న ఎంత కష్టపడినాడో,” అని నా భుజం మీద తల పెట్టి, అప్పుడు ఏడ్చింది. గట్టిగా, ఇంటిల్లిపాదీ వినేట్టు.

ఆయమ్మ పరుగున వచ్చి పాపను ఒళ్లోకి లాక్కుంది. మేనత్తలు, పిన్నులు చుట్టూ మూగారు. పాప అందరితోనూ మాట్లాడుతోంది, వెక్కుతూనే. నేను కొంచెం కొంచెంగా జరిగి గోడ దగ్గరికి వచ్చేశాను. కాసేపటికి ఆయమ్మ తల ఎత్తి నన్ను వెతికి, “భోంచేసి పోమ్మా,” అంది. మంచిగానే అంది.

భోంచేయలేదు. గేటు దగ్గర ఆయన బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. ఎవరో స్టూడియోలో తీయించినట్టున్నారు, నిటారుగా కూర్చుని, నేరుగా చూస్తున్నాడు. ఆయనను ఎదురుగా చూడడం నాకదే మొదటిసారి. కింద పేరు. చుట్టూ ఎవరూ లేరు. ఒత్తు దగ్గర ఒత్తు పలికి, సాగదీయకూడని చోట సాగదీయకుండా, పైకే చదివాను.

ఆ పేరు ఇక్కడ రాయలేదు. రాయడం రాక కాదు.